నొప్పుల స్టాండు, గూడు నంబరు ముప్ఫై ఏడు

జిల్లా మొత్తం మీద సత్యవేణి అంత ఆరోగ్యంగా ఉన్న మనిషి ఇంకొకరు లేరని ఎవరితోనైనా పందెం కాయొచ్చు. ఏడేళ్ళుగా ఆమె ఒంట్లో ఒక్క నొప్పి కూడా లేదు, ఉన్నవన్నీ డయాలసిస్ సెంటరు గుమ్మం దగ్గర, చెప్పుల స్టాండు పక్కనే ఉండే నొప్పుల స్టాండులో, ముప్ఫై ఏడో నంబరు గూట్లో భద్రంగా ఉన్నాయి.

ఆ స్టాండు పెట్టడానికి సబబైన కారణమే ఉంది. పేషెంట్లతో వచ్చే అటెండెంట్లు వార్డులో నడుం పట్టుకుని నిలబడటం, కళ్ళు తిరిగి గోడకి చేరబడటం, దగ్గడం చేస్తుంటే ఎవరు పేషెంటో ఎవరు అటెండెంటో సిస్టర్లకు తెలియకుండా పోయేది. ఒకసారి ఒకావిడ భర్తను కుర్చీలో వదిలేసి ఆవిడనే మంచమెక్కించి సూది గుచ్చబోయారు. అప్పుడు బోర్డు రాయించారు: "అటెండెంట్లు తమ చెప్పులు, నొప్పులు బయట విడిచి లోపలికి రావలెను." చెప్పులకు ఒక బిళ్ళ, నొప్పులకు ఒక బిళ్ళ. రెండూ అల్యూమినియంవే. చెప్పుల బిళ్ళకు గుండ్రటి చిల్లు, నొప్పుల బిళ్ళకు నలుచదరపు చిల్లు.

స్టాండు గుమస్తా భీమశంకరం పద్ధతైన మనిషి. నడుం నొప్పులు బరువు కాబట్టి కింది అరలో పెట్టేవాడు. తలనొప్పులు ట్యూబులైటుకు ఎడంగా ఉండాలి. కళ్ళు తిరగడాలు దొర్లిపోతాయి, వాటికి మూత డబ్బా. పంటి నొప్పులు చుట్టుపక్కల గూళ్ళను కుదురుగా ఉండనివ్వవని వాటిని వెనకగదిలో పెట్టి తలుపేసేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఓపిగ్గా చెప్పేవాడు.

"లాక్కూడదండి. చెవి దిద్దు తీసినట్టు నెమ్మదిగా తియ్యాలి. లాగితే సగం లోపలుండిపోద్ది, మళ్ళీ మీరు నన్నే అంటారు."

సత్యవేణి భర్త వీర్రాజు లారీ మెకానిక్కు. రెండు కిడ్నీలూ పాడయ్యాక సోమ, బుధ, శుక్రవారాలు మిషను మీద నాలుగేసి గంటలు పడుకోవడమే ఆయన ఉద్యోగం. పొద్దున ఆరింటి బస్సుకు ఆమె ఆయన్ని ఎక్కించేది. సెంటరు గుమ్మంలో చెప్పులు విడిచి, నడుం నొప్పి విడిచి, మెడ నొప్పి విడిచి, లోపలికెళ్ళి బల్ల మీద కూర్చుని ఎవరెవరి చీరలకో ఫాల్స్ కుట్టేది. మిషను మీంచి దిగేసరికి ఆయన పిండేసిన తువ్వాలులా ఉండేవాడు. ఒక చేత్తో ఆయన్ని పట్టుకోవాలి, రెండో చేత్తో ఫైలు, చంకలో చీరల సంచి, వేలికి ఆయన రోజంతా తాగాల్సిన అరలీటరు నీళ్ళ సీసా. పన్నెండూ నలభై బస్సు అప్పటికే హారన్ కొడుతూ ఉండేది.

"నొప్పులు పట్టుకెళ్తారా, ఉంచేమంటారా?" అనేవాడు భీమశంకరం.

"ఏ చేత్తో పట్టుకెళ్ళనండీ? ఉంచెయ్యండి, బుధవారం పట్టుకెళ్తాను."

బుధవారం మళ్ళీ అంతే. చెప్పులు మాత్రం ఏనాడూ మర్చిపోలేదు. చెప్పుల్లేకుండా బస్సెక్కితే నలుగురూ వింతగా చూస్తారు. నొప్పుల్లేకుండా ఎక్కితే ఎవరూ చూడరు. పైగా, "నీది భలే గట్టి ఒళ్ళమ్మా" అంటారు. నొప్పిలేని ఒంటితో ఇల్లు చేరి ఆమె ఒక్క నిమిషం కూర్చునేది కాదు. కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడికించేది. ఉప్పు దాచేది. మాత్రలు పంచేది. ఆయన ఫ్రిజ్జు తలుపు తీసిన చప్పుడైతే చాలు, కుట్టుమిషను ఆపి పరిగెత్తేది. ఐసు ముక్క కూడా నీళ్ళ లెక్కలోకే వస్తుందని ఆయనకు ఏడేళ్ళుగా చెబుతూనే ఉంది.

పందెం మాత్రం ఆషాఢంలో ఒక బుధవారం ఓడిపోవలసి వచ్చింది. సెంటరుకు కొత్తగా రెండు మిషన్లు వచ్చాయి, వాటికి జాగా కావాలి, స్టాండు తీసేస్తున్నారు. గోడకు నోటీసు అంటించారు. టోకెనుదారులు తమ నొప్పులను ఏడు రోజుల్లోగా స్వాధీనం చేసుకోవాలి. చేసుకోనిచో, రేషను కార్డులో తరువాతి పేరు గల వ్యక్తికి ఇంటివద్దనే అందజేయబడును. పేషెంట్లకు మినహాయింపు కలదు.

భీమశంకరం ముప్ఫై ఏడో గూడు దులిపి లెక్కబెట్టాడు. రెండు వందల పన్నెండు. నడుం నొప్పులే ఎనభై దాకా ఉన్నాయి. తలనొప్పులు చాలావరకు ఒకటే తలనొప్పి, విడతలుగా వదిలింది. అన్నిటికంటే లోపల, ఒక పాత జాకెట్టు ముక్కలో చుట్టి, "ఎద బరువు, ఎడమవైపు" అని చీటీ అంటించినవి ఐదు.

"మీ కార్డులో మీ తర్వాత ఎవరమ్మా?"

"ఆయన. ఆయన తర్వాత మా హారిక."

"ఆయన పేషెంటు కాబట్టి కుదరదు. అమ్మాయికి పంపుతారు. ఎక్కడుంటది?"

"విశాఖపట్నంలో నర్సింగు చదువుతోంది. నెలాఖర్లో పరీక్షలండీ. దానికి పంపకండి బాబూ."

"నేను పంపేదేముందమ్మా, రూలు పంపుద్ది. మీవి మీరు పట్టుకెళ్ళిపోతే గొడవే ఉండదు కదా."

"రెండొందల పన్నెండూ ఒక్కసారి ఒంట్లో పెట్టుకుంటే నేను పడిపోనా? నేను పడిపోతే ఈయన్నెవరు తీసుకొస్తారు?"

భీమశంకరం ఆలోచించాడు. "విడతలవారీగా తీసుకోవచ్చు. దానికి ఫారం ఉంది" అన్నాడు.

ఆ రోజు పదకొండు తీసుకుంది. బస్సులోనే నొప్పి పడదామనుకుంది గానీ, వీర్రాజు తల ఆమె భుజం మీదే ఉంది, కదిలితే జారిపోతుంది. ఇంటికెళ్ళాక పడదామనుకుంది. అన్నం వార్చాలి. వార్చాక పడదామనుకుంది. ఆయనకు మాత్రల వేళైంది. అలా ఒక్కో నొప్పినీ ముందుకు జరుపుతూ పోయింది. పదకొండులో మూడు పడేసరికి చీకటి పడింది. ఈ లెక్కన మిగతావాటికి ఎన్ని రోజులు పడతాయో వేళ్ళ మీద లెక్కేసింది. వేళ్ళు చాల్లేదు.

ఇంతలో ఆరోగ్య శాఖవారు స్వీయ సంరక్షణ వారోత్సవం ప్రకటించారు. శుక్రవారం సెంటరు హాల్లో కౌన్సెలర్ మేడం క్లాసు పెట్టింది. అటెండెంట్లందరికీ ఒక్కో రిజిస్టరు ఇచ్చారు. రోజుకు అరగంట తనకోసం గడిపి, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా గడిపారో రాసి, ఇంట్లోవాళ్ళతో సాక్షి సంతకం పెట్టించాలి. మూడు రోజులు ఖాళీ వదిలితే అటెండెంటు పాసు రద్దు.

"ముందు మిమ్మల్ని మీరు ప్రేమించుకోవాలి" అంది మేడం.

"మేడం, ఆ అరగంటలో మా ఆయన బిందె దగ్గరికెళ్తే?" అని సత్యవేణి అడిగింది.

"నెగెటివ్‌గా ఆలోచించకండి. కళ్ళు మూసుకోండి. ఊపిరి లోపలికి తీసుకోండి. మీరిప్పుడు సముద్రం ఒడ్డున ఉన్నారు."

అందరూ కళ్ళు మూసుకుని సముద్రం ఒడ్డుకు చేరారు. సరిగ్గా అప్పుడే వార్డులో ఒక మిషను కూయడం మొదలెట్టింది. ఇరవై ఇద్దరు ఆడవాళ్ళూ, నలుగురు మగవాళ్ళూ కళ్ళు తెరవకుండానే లేచి, ఎవరి మంచం దగ్గరికి వాళ్ళు తప్పకుండా పరిగెత్తారు. మేడం కాసేపు చూసి, అందరికీ ఆబ్సెంటు వేసింది.

ఆ మధ్యాహ్నమే పొరపాటు జరిగింది. సత్యవేణి పక్కన రోజూ కూర్చునే సువార్తమ్మది గొల్లప్రోలు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. కూతురు ఎస్తేరును మిషనుకు తెస్తుంది. ఇద్దరి బస్సులూ ఒకటే వేళకు. నోటీసు దెబ్బకి స్టాండు ముందు తొక్కిసలాట. సత్యవేణికి ఆ రోజు విడత పదహారు. ఇద్దరూ బిళ్ళలు ఒకేసారి బల్ల మీద పెట్టారు. గుడి ముందు చెప్పులు మారిపోయినట్టే మూటలు మారిపోయాయి. ఎవరిది ఎవరి చేతికొచ్చిందో చూసుకునే తీరిక ఎవరికీ లేదు.

బస్సు పిఠాపురం దాటాక సత్యవేణి ఎడమ మోకాలు కిర్రుమంది. ఆమె ఉలిక్కిపడింది. ఇలాంటి నొప్పి తన దగ్గర ఎప్పుడూ లేదు. ఇది పాతది, అరిగింది, ఎన్నో ఏళ్ళు నాట్లేసిన మోకాలిది. చూస్తే సువార్తమ్మదే.

తనదైతే ఏ మూలనైనా పడేసేది. ఇది ఇంకొకళ్ళ వస్తువు. సోమవారం దాకా తన ఇంట్లో ఉండాలి. ఈలోగా ఎక్కువైతే ఆవిడ మొహం ఎలా చూడటం? ఇల్లు చేరగానే వేడినీళ్ళ సంచి పెట్టింది. కాలి కింద దిండు పెట్టింది. శనివారం పొద్దున్నే వీర్రాజును పక్కింటివాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి, ఏడేళ్ళలో మొదటిసారి తన కాలితో తనే ఆసుపత్రికెళ్ళి ఎముకల డాక్టరు లైన్లో కూర్చుంది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు డాక్టరు.

"నాది కాదండి. సువార్తమ్మగారని, మా సెంటర్లో పెద్దావిడ. కాస్త తొందరగా చూడండి, సోమవారం అప్పజెప్పాలి."

డాక్టరు తలాడించి చీటీ మీద "ఇతరులది" అని రాసి, ఎక్స్‌రే తీయించాడు. మాత్రలు భోజనం తర్వాత వేసుకోమన్నాడు. దాంతో సత్యవేణి భోజనం కూడా చేయవలసి వచ్చింది, అదీ వేళకు. మధ్యాహ్నం అరగంట కాలు చాపుకుని పడుకోమన్నాడు. పడుకుంది. వీర్రాజు గుమ్మంలోంచి తొంగి చూసి కంగారుపడ్డాడు.

"ఏమే, నువ్వేంటే పడుకున్నావు?"

"నేను కాదు. సువార్తక్క మోకాలు పడుకుంది."

ఆయన వెళ్ళి టీవీ సౌండు తగ్గించాడు. ఆ అరగంటా మంచినీళ్ళు కూడా అడగలేదు. పరాయివాళ్ళ మోకాలు ఇంట్లో ఉన్నప్పుడు ఎవరికైనా మర్యాద ఉంటుంది.

సోమవారం సువార్తమ్మ సెంటరు గేటు దగ్గరే కాపు కాసింది. దూరం నుంచి చూస్తూనే మొదలెట్టింది.

"ఓసే సత్యవేణీ! ఇలా రా. గూట్లో పెట్టుకునే నొప్పేనా అది? బుద్ధుందా నీకు?"

"మీ మోకాలికి మందు రాయించానక్కా, ఎక్స్‌రే కూడా—"

"నా మోకాలు గోదాట్లో పడెయ్. నీ పదహారూ నాకొచ్చాయి. పదకొండు నొప్పులు సరే, అవి నా దగ్గరా ఉన్నవే. ఆ జాకెట్టు ముక్కలో చుట్టిన ఐదూ విప్పి చూసేసరికి ఎద మీద రుబ్బురోలు పెట్టినట్టయిందే! నాదైతే ఇంకో పదేళ్ళు అక్కడే పడేద్దును. పరాయి మనిషిది కదా, ఏమన్నా అయితే ఎవత్తి జవాబు చెప్పాలని గుండె డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఈసీజీ తీశారు, ఇంకేవో తీశారు. రెండేళ్ళ కిందట రావాల్సిన మనిషిని ఇప్పుడా తెచ్చేదని నన్ను కేకలేశాడు. నేను కాదు బాబూ, ఫలానా అమ్మాయని నీ పేరు రాయించాను. రక్తం గొట్టం మూసుకుపోయిందంట. వారంలోగా చేరాలి. స్టెంటెయ్యాలి."

సత్యవేణి చేతిలో ఫైలు ఒకసారి సర్దుకుంది. "వారంలోగా అంటే మళ్ళీ సోమవారం, బుధవారం వస్తాయి కదక్కా" అంది.

"వస్తాయి. నువ్వుండాలి కదా వాటికి!"

గేటు దగ్గర అన్న ఈ మాట లోపల హాలంతా విన్నది. తర్వాత ఒకావిడ పక్కావిడ బిళ్ళ వంక చూసింది. ఇంకొకావిడ తన బిళ్ళ తీసి ఎదురు బల్లమీదున్న ముసలాయన చేతిలో పెట్టి, ఆయనది తను తీసుకుంది. బుధవారానికల్లా ఎవరి నొప్పీ వాళ్ళ దగ్గర లేదు. భీమశంకరం మొదట ఒప్పుకోలేదు, తర్వాత "పరస్పర నొప్పుల మార్పిడి దరఖాస్తు" అని ఫారం తయారుచేసి మూడేసి కాపీలు రాయించుకున్నాడు. కొన్నేళ్ళుగా ఒక్క బీపీ మాత్ర కూడా వేళకు వేసుకోని మనుషులు, పక్కవాళ్ళ బీపీని చంకనేసుకుని ఓపీ ముందు పొద్దున ఏడింటికే లైను కట్టారు. ఎవరిదో సుగరు తన దగ్గరున్నందుకు ఒకాయన స్వీటు మానేశాడు. ఎవరిదో నిద్రలేమి తన వంతుకొచ్చిందని ఒకావిడ మొహమాటానికి తొమ్మిదింటికే పడుకుంది. సత్యవేణి గూడు కూడా ఖాళీ అయింది. హారికకు ఏదీ వెళ్ళలేదు.

గడువు రోజు సాయంత్రం స్టాండు ఊడబీకారు. అటెండెంట్ల నొప్పులు సున్నా అని భీమశంకరం పైకి నివేదిక పంపాడు. ఆ శాఖ చరిత్రలో అంత త్వరగా ఏ జవాబూ రాలేదు. గంటలో వచ్చింది. అటెండెంట్లకు ఏ నొప్పులూ లేనందున, ఇకపై ఒక్కొక్క అటెండెంటు ఇద్దరేసి పేషెంట్లను తీసుకురావలెను.

"మంచిదే" అంది సువార్తమ్మ. "మీ ఆయన్ని నాకు రాయించు. నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉంచుతాను. నువ్వు పోయి చేరు."

"ఆయన ఐసు దొంగక్కా."

"మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు. పో."

ఒక్క ఎద బరువు మాత్రం మార్పిడికి కుదరలేదు. స్టెంటు తనకే వేసేయమని, సత్యవేణికి తగ్గితే చాలని సువార్తమ్మ గుండె డాక్టరును అడిగి చూసింది. ఆయన రూల్సు పుస్తకం తిరగేసి, స్టెంటు మటుకు సొంతదారుకే వేయాలన్నాడు.

గురువారం పొద్దున సత్యవేణి సెంటరు పై అంతస్తులోని గుండె వార్డులో చేరడానికెళ్ళింది. ఫారంలో పేషెంటు పేరు, అటెండెంటు పేరు అని రెండు గడులున్నాయి. ఏడేళ్ళుగా అలవాటైన చెయ్యి ముందు అటెండెంటు గడి దగ్గరకెళ్ళి పి. సత్యవేణి అని రాసేసింది. తర్వాత పేషెంటు గడి చూసింది. అక్కడా అదే రాయాల్సి వచ్చింది.

"ఇద్దరూ ఒకళ్ళేనా?" అంది సిస్టరు.

"అవునండి."

"సరే. పేషెంటు బ్యాండు చేతికి, అటెండెంటు పాసు మెళ్ళో. పేషెంటు మంచం మీద, అటెండెంటు స్టూలు మీద. అటెండెంటు మంచం మీద కనపడితే బయటికి పంపేస్తాం."

సత్యవేణికి తెలిసిన చోటు కాబట్టి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. దుప్పటి ముడతలు సరిచేసింది. మందుల చీటీ చదివింది. డ్యూటీ డాక్టరు వచ్చి ఖాళీ మంచం చూశాడు.

"పేషెంటేదమ్మా?"

"నేనేనండి."

"మరి మంచమెక్కాలి కదా."

"ఎక్కితే అటెండెంటు మంచమెక్కిందని బయటికి పంపేస్తారంటండి."

డాక్టరు ఆ మాటలో తప్పు పట్టలేకపోయాడు. అరగంట అక్కడ, అరగంట ఇక్కడ ఉండమని కేసు షీటులో రాశాడు.

అలాగే చేసింది. మంచం మీదున్న అరగంటలో దాహమేసేది. అడగాలంటే ఎదురుగా ఎవరూ లేరు. దిగి స్టూలు మీద కూర్చుని, లేచి నీళ్ళు పోసి, మంచమెక్కి తాగేది. మూడోసారి దిగినప్పుడు ఆమె నోట్లోంచి మాట వచ్చేసింది. "ఎన్నిసార్లు పిలుస్తావు? ఇప్పుడేగా ఇచ్చాను!" ఆ మాట అని మంచమెక్కి అదే మాట విన్నది. చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది. వీర్రాజు రోజూ ఇదే వింటాడని అప్పుడు తెలిసింది. మళ్ళీ స్టూలు మీదికొచ్చాక నీళ్ళు పోసి, ఏమీ అనకుండా, గ్లాసు పట్టుకున్న చేతిని రెండో చేత్తో కాసేపు నిమిరింది. సిస్టరు చూసి, పేషెంటుతో అటెండెంటు ప్రవర్తన బాగుందని రాసుకుంది.

చిక్కు ఆపరేషను దగ్గరొచ్చింది. లోపల స్టెంటు వేస్తున్నంతసేపూ తలుపు బయట ఎవరో ఒకరు సంతకానికి ఉండాలి. సత్యవేణి లోపలుంటే సత్యవేణి బయట ఉండటం కుదరదన్నారు. ఆమె కుదుర్చుకుంటానన్నా ఒప్పుకోలేదు. రెండో అటెండెంటు పేరు రాయమన్నారు. వీర్రాజు తమ్ముడు గిరి హైదరాబాదులో ఉంటాడు. అతని పేరు, అతనిచ్చిన ఫోను నంబరు రాసింది. ఆసుపత్రివాళ్ళు గురువారం మధ్యాహ్నం ఫోన్ చేశారు.

గిరి ఆ మాట వినగానే లీవు పెట్టి, దొరికిన బస్సెక్కి, శుక్రవారం తెల్లారేసరికి వార్డులో ఉన్నాడు. తలుపు బయట సంతకం పెట్టాడు. స్టెంటు చక్కగా పడింది. ఆదివారం డిశ్చార్జి దాకా అతను ఆ నీలం రంగు స్టూలు మీంచి కదల్లేదు. సత్యవేణి ఏడేళ్ళలో మొదటిసారి అరగంట దాటి మంచం మీద ఉంది. మరిది అంటే అలా ఉండాలని వార్డంతా చెప్పుకున్నారు.

ఇక్కడిదాకా రాసి, ఆదివారం కదా అని వదినకు ఫోన్ చేసి చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు నవ్వింది. చివరికొచ్చేసరికి నవ్వు ఆపింది.

"గిరీ, ఆ స్టూలు ఏ రంగన్నావు?"

"నీలం, వదినా."

"అది స్టూలు కాదయ్యా. బోర్లించిన బకెట్టు. సిస్టరు దాన్ని స్టూలంటుంది. అందరం అలాగే అనేవాళ్ళం. కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది."

నేను వెళ్ళలేదు. నాకు ఫోనే రాలేదు. రాకపోవడంలో ఆసుపత్రివాళ్ళ తప్పేమీ లేదు. ఏడేళ్ళ కిందట అన్నయ్యకు మొదటి ఫారం నింపేటప్పుడు వదిన నా కొత్త నంబరడిగితే, చివరి అంకె ఆరుకు బదులు తొమ్మిదని చెప్పాను. వదినకు నేనే ఆదివారం ఆదివారం ఆఫీసువాళ్ళిచ్చిన ఫోన్లోంచి చేస్తాను కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు. ఇలాంటి చిలిపి పనులు నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. ఇది అన్నిటికంటే బాగా పనిచేసింది. ఏడేళ్ళలో ఒక్క రోజు కూడా నన్నెవరూ పిలవలేదు.

తొమ్మిదితో అయిపోయే నంబరు తునిలో టైర్లకు పంక్చర్లేసే సింహాద్రి అనే ఆయనది. మీ వదిన ఆసుపత్రిలో ఉంది, సంతకానికి రావాలని ఫోనొస్తే, నాకలాంటి వదిన లేదండీ అన్నాడట. ఫారంలో ఉందండీ అని సిస్టరు చెప్పింది. ఫారంలో ఉందంటే ఉండే ఉంటుందని ఆయన షాపు మూసి రైలెక్కాడు. ఆ బకెట్టు మీద మూడు రోజులు కూర్చున్నది ఆయన.

"ఆయన్నేమని పిలిచావు వదినా?"

"గిరీ అనే పిలిచాను. ఫారంలో అదే ఉంది కదా. పలికాడు."

"ఇప్పుడు?"

"సోమవారాలు వస్తాడు. మీ అన్నయ్యని బస్సు దాకా పట్టుకుంటాడు. మొన్న మీ అన్నయ్యతో ఐసు ముక్క గురించి దెబ్బలాడాడు కూడా. ఆయనా ఒరే గిరీ అనే అంటున్నారు."

"మరి నేను?"

వదిన కాస్త ఆలోచించింది. కోపంగా ఏం లేదు. "నువ్వు ఆదివారాలు ఫోన్ చేస్తావు కదా బాబూ" అంది.

పోయిన వారం సెంటరు నుంచి నాకు ఒక కాగితం వచ్చింది. గిరి అనువారు రెండో అటెండెంటుగా క్రమం తప్పక హాజరవుతున్నందున, తాము గిరి కాదని ధ్రువీకరిస్తూ సంతకం చేసి పంపవలెను అని ఉంది. రెండుసార్లు చదివాను. ఎక్కడా తప్పు కనపడలేదు. అలవాటు కొద్దీ గిరి అని సంతకం పెట్టి పంపాను. నాలుగో రోజున వెనక్కి వచ్చింది. కారణం రాసే గడిలో ఎర్ర సిరాతో, సంతకం సరిపోలడం లేదు అని రాసి, పోల్చుకోవడానికి గిరి సంతకం కాపీ ఒకటి జతచేశారు. పక్కపక్కన పెట్టి చూశాను. నిజమే, సరిపోలడం లేదు.